ఆకు బతికిన ఆరు రోజులు

పాలేటిగట్టులో ఎవరి బ్యారన్‌లో నిప్పు వేయాలన్నా ముందు మాలకొండయ్యకు కబురు వెళ్లాల్సిందే. పచ్చి పొగాకును కర్రలకు అల్లి, రెండంతస్తుల ఎత్తున్న ఇటుక గదిలో వరసలుగా వేలాడదీసి, కింద పొయ్యి వేడితో ఐదారు రోజులు ఆరబెడతారు. ఆ గదే బ్యారన్. వేడి ఒక్క పిసరు ఎక్కువైతే ఆకు నల్లబడుతుంది, తక్కువైతే బూజు పడుతుంది. ఆ పిసరును మాలకొండయ్య ముప్పై ఎనిమిదేళ్లు అరచేత్తో కొలిచాడు. తలుపు ఓరగా తీసి, చెయ్యి లోపల పెట్టి, ఒక్కసారి గాలి పీల్చి, "రెండు మొద్దులు లాగేయండిరా" అనేవాడు. ఆయన మాటకు థర్మామీటరు కూడా ఎదురు చెప్పేది కాదు.

అలాంటి మనిషికి అరవై ఒకటో ఏట కాపలా ఉద్యోగం ఇచ్చారు. అదీ తను నిప్పు వేసిన బ్యారన్ల ముందే.

పొగాకు కొనేవాళ్లు ఏటికేడు తగ్గిపోతుంటే, ఏం చేయాలో తోచక రైతుల సంఘం తల పట్టుకుని కూర్చున్న రోజుల్లో ఒంగోలు పరిశోధన కేంద్రం నుంచి డాక్టర్ సువార్త వచ్చింది. నలభై దాటిన మనిషి, కనిగిరి వైపు పుట్టి పెరిగింది. "పొగాకు పెంచడం మీకు వచ్చు. ఆ ఆకు చేత పాము విషానికి విరుగుడు తయారు చేయించడం మాకు వచ్చు. కలిసి చేద్దాం" అంది. సంఘం నవ్వింది, తర్వాత ఆలోచించింది, చివరికి ఒప్పుకుంది. కేంద్రం చదువు, హైదరాబాదు మందుల కంపెనీ యంత్రాలు, ఊరి నేల, ఊరి చేతులు కలిసి ఊరి చివర ఎనిమిది బ్యారన్ల నడుమ ఒక పెద్ద షెడ్డు లేచింది. బ్యారన్లకు తాళాలు పడ్డాయి. ఆ తాళాల గుత్తి మాలకొండయ్య మొలతాటికి వేలాడింది.

మొదటిరోజు సువార్త ఊరందరినీ పిలిచి చూపించింది. ఐదు వారాల పొగాకు మొక్కల ట్రేను తలకిందులుగా పట్టుకుని, ఆకులన్నీ మునిగేలా ఒక తొట్టిలోకి దించింది. తొట్టిలో పలచటి బియ్యపు కడుగులాంటి నీళ్లు. మూత బిగించి పంపు వేసింది. ఆకుల్లోంచి సన్నటి బుడగలు పైకి వచ్చాయి. పంపు ఆపగానే ఆకులు ఒక్కసారిగా ముదురు ఆకుపచ్చగా, తడి గుడ్డలా మారాయి.

"చూశారా, ఆకు తాగేసింది" అంది. "ఈ నీళ్లలో కంటికి కనబడని సూక్ష్మజీవులున్నాయి. అవి ఆకులోకి ఒక సమాచారం మోసుకుపోతాయి, విషాన్ని పట్టుకునే మందు ఎలా చేయాలో ఆ సమాచారంలో ఉంటుంది. ఇక్కణ్ణించి ఆరు రోజులు ఆకు ఆ పని మీదే ఉంటుంది. ఆరో రోజు పిండుకుంటాం."

"ఆరు రోజులు ఆకు బతికే ఉండాలా అమ్మా?" అని వెనకనించి మాలకొండయ్య అడిగాడు.

"బతికే ఉండాలి, పనిచేస్తూ ఉండాలి. చచ్చిన ఆకు మందు చేయదు గదా!"

మాలకొండయ్యకు ఆ మాట కొత్తగా తోచింది. తన జీవితమంతా ఆకు ఎప్పుడు చావాలో చూసిన మనిషి. సరైన రంగు తిరిగేదాకా దాని ఊపిరి నిలబెట్టి, ఆ తర్వాత వేడి పెంచి చంపడమే ఆయన పని.

ఒంగోలు ప్రయోగశాలలో నలభై మొక్కల మీద అద్భుతంగా పనిచేసిన విద్య, షెడ్డులో నాలుగు వేల మొక్కల దగ్గరకొచ్చేసరికి కుదేలైంది. కంపెనీ ఇంజనీరు ధనుంజయ్ కట్టించిన గదిలో నాలుగు వైపులా ఏసీలు, మూలమూలకీ మీటర్లు. ఆరో రోజు ఆకు పిండి, చుక్క రసం కాగితపు పట్టీ మీద వేస్తే మందున్నందుకు గుర్తుగా ఎర్రటి గీత పడాలి. మొదటిసారి గీత లీలగా కనపడింది. రెండోసారి అదీ లేదు. మూడోసారి గది తలుపు తీస్తే మధ్య వరసల్లో ఆకు మెత్తబడి, వాడిపోయి ఉంది. మీటర్లన్నీ సరిగ్గా ఇరవై మూడు డిగ్రీలే చూపిస్తున్నాయి.

"ఇంకొక్క బ్యాచే. అదీ పోతే మావాళ్లు ఇక్కడ ఉండనివ్వరు" అన్నాడు ధనుంజయ్. మంచివాడే. ఆ మాట అంటున్నప్పుడు అతని మొహం కూడా వాడిపోయింది.

అదంతా కాపలా కుర్చీలోంచి చూస్తున్న మాలకొండయ్యకు ఎక్కడ తప్పు జరుగుతోందో మొదటి బ్యాచ్ రెండోరోజునే తెలిసింది. తలుపు తెరిచినప్పుడు వచ్చిన గాలిలో ఉడికిన ఆకు వాసన. ఏసీల చలి వెనక ఆ వాసన ఆయన ముక్కుకు స్పష్టంగా తగిలింది. కానీ ఎవరూ అడగలేదు, తనూ చెప్పలేదు. తాళాలు వేయించుకున్నవాడికి ఆ మాత్రం పంతం ఉండదా? లోపల ఎక్కడో చిన్న సంతోషం కూడా కలిగింది, నిజం చెప్పాలంటే.

ఆ వారంలోనే కోటేశ్వరి చచ్చిపోయింది.

జొన్నచొప్ప మోపు కడుతుంటే రక్తపింజర కరిచింది. ఇరవై ఆరేళ్ల పిల్ల. గంటలోపే ఆసుపత్రికి తీసుకుపోయారు. ముప్పై సీసాల మందు ఎక్కించారు. చిగుళ్ల నుంచి కారే నెత్తురు ఆగలేదు, మూత్రం పడలేదు. రెండో రోజు మధ్యాహ్నం శవాన్ని తీసుకొచ్చేశారు. వేరే ప్రాంతపు పాముల విషంతో చేసిన మందు ఈ గట్టు మీది పింజరకు సరిగా ఆనలేదని అక్కడి డాక్టరే బాధపడుతూ చెప్పాడట.

మాలకొండయ్య భార్య తిరపతమ్మ షెడ్డులో నారు ట్రేల దగ్గర పనిచేస్తుంది. కోటేశ్వరి ఆమె పక్కనే కూర్చునే పిల్ల. దినం వంటలు చూసి ఇంటికొచ్చి అరుగు మీద కూలబడింది.

"ఆ డాక్టరమ్మ గోడకానుకుని ఏడుస్తన్నదయ్యా. ఈ ఊరి పాముల విషం తెచ్చి మరీ చేస్తన్న మందంట. ఆకు నిలిస్తే పిల్ల దక్కేదేమో అంటది. ఆకెందుకు నిలవడంలేదో ఎవురికీ తెలవదంట."

మాలకొండయ్య చుట్టూ చూశాడు, నేలకేసి చూశాడు. "గుంపుగా పెడితే ఆకు ఊపిరితో వేడి పుట్టుద్ది. చుట్టూ చలి కొడితే పైవరసలు ఎండుతయ్యి, నడిమివి ఉడుకుతయ్యి. నడిమిలో గాలి ఆడాల" అన్నాడు మెల్లగా.

తిరపతమ్మ తలెత్తి చూసింది. "ఎన్నాళ్లయింది నీకీ సంగతి తెలిసి?"

ఆయన మొలతాటి తాళాలు సర్దుకున్నాడు.

"నిన్నే అడిగేది."

"మొదటిసారే తెలిసింది."

ఆమె అరవలేదు. లేచి లోపలికి పోయి, ఆయనకు అన్నం పెట్టి, తను తినకుండా పడుకుంది. 

పొద్దున్నే మాలకొండయ్య షెడ్డుకు పోయి సువార్త ముందు నిలబడ్డాడు. చెప్పాల్సింది చెప్పాడు. ఎప్పటినుంచి తెలుసో కూడా దాచకుండా చెప్పాడు. ఆమె ఎర్రబడ్డ కళ్లతో ఆయన్ని కాసేపు చూసింది. ఆ చూపు కన్నా తిట్టినా బాగుండేదనిపించింది ఆయనకు.

"మరేం చేయమంటారు?" అంది చివరికి.

"నా బ్యారన్ ఇయ్యమ్మా. ఆరు రోజులు ఆకును నేను చూసుకుంటా."

ధనుంజయ్ ఒప్పుకోలేదు. ఇటుక గోడలు, పెంకుల కప్పు, అందులో మందు తయారీ ఏమిటన్నాడు. మాలకొండయ్య చెప్పిన పద్ధతి విని ఇంకా తెల్లబోయాడు. పొయ్యి వేడిని గదంతా తిప్పే నేల మీది రేకు గొట్టాలన్నీ పీకేయించి, గదిలోని పైగాలి నేరుగా పొగగొట్టంలోకి పోయేలా ఒక్క దారి పెట్టించాలట. ఆ గొట్టం మొదట్లో గుప్పెడు నిప్పు ఉంచాలట.

"చల్లగా ఉండాల్సిన గదికి నిప్పు పెడతారా?"

"నిప్పు గదికి కాదు సారూ, గొట్టానికి. గొట్టం వేడెక్కితే గాలి పైకి లాగుద్ది. పైన లాగితే కింద రంధ్రాల్లోంచి కొత్త గాలి వస్తది. ఆ రంధ్రాలకి తడి గోనెలు కడతా. చల్లగాలి ఆకుల సందుల్లోంచి ఎక్కుద్ది. మీ ఏసీ పక్కనించి కొడతది, ఇది ఆకు అడుగునించి పోద్ది."

ధనుంజయ్ బ్యారన్ పొగగొట్టం కేసి తలెత్తి చూశాడు. జేబులోంచి కాగితం తీసి పొగగొట్టం ఎత్తు, గది కొలత అడిగి ఏవో లెక్కలు వేశాడు. వేసి, సువార్త వైపు తిరిగి, "లెక్క ప్రకారం పనిచేయాలి మేడమ్" అన్నాడు. గోడలకు లోపలంతా కడగడానికి వీలైన పూత అతనే దగ్గరుండి వేయించాడు, కింది రంధ్రాలకు దుమ్ము ఆపే సన్నటి జాలీ బిగించాడు.

నాలుగో బ్యాచ్ ఆకు, తొట్టి నీళ్లు తాగిన మధ్యాహ్నమే బ్యారన్‌లోకి ఎక్కింది. కర్రలకు బదులు ట్రేలు, ఏడంతస్తుల అటకలు. సువార్త ఆయన చేతికి తొడుగులు, తెల్లకోటు ఇచ్చింది. పచ్చి పొగాకు తడి ఒంటికి పడితే అందులోని నికోటిన్ చర్మంలోంచి నెత్తురులోకి దిగుతుందని హెచ్చరించింది. ఆయన తలూపాడు. ఒక పూట తొడుక్కున్నాడు. మధ్య అటక మీది ఆకును తొడుగు వేసుకున్న చేత్తో ముట్టుకుంటే ఏమీ తెలియలేదు. తీసి పక్కన పడేశాడు.

అరచెయ్యి ఆకు వెనక ఆనిస్తే చాలు, అది ఎలా ఉందో ఆయనకు తెలిసిపోయేది. గోనె తడి తక్కువైతే ఆకు అంచు గరుకుగా తగిలేది. గాలి మందగిస్తే ఈనె దగ్గర వెచ్చదనం. గంటకోసారి అడుగునుంచి ఏడో అటక దాకా ఎక్కి దిగేవాడు. నిప్పులో రెండు చిన్న కొమ్మలు వేయమనేవాడు, ఒక రంధ్రం సగం మూయమనేవాడు. అటకల మధ్య ధనుంజయ్ పెట్టిన మీటర్లు ఆయన మాట అన్న పావుగంటకు అదే చెప్పేవి. మూడో రోజు సువార్త ఒక ఆకు తెంపి పట్టీ మీద పిండింది. గీత పడింది. పలచగా కాదు, కుంకుమ గీసినట్టు.

ఆమె ఆ పట్టీని చేత్తో పట్టుకుని బ్యారన్ గుమ్మంలోకి వచ్చింది. లోపల మాలకొండయ్య చొక్కా లేకుండా, తడి ఆకుల మధ్య, మోచేతుల దాకా పచ్చ రసంతో నిలబడి ఉన్నాడు. తొడుగులు నిచ్చెన మెట్టు మీద వేలాడుతున్నాయి. ఆమె వాటిని చూసింది. పట్టీ మీది గీత చూసింది. ఏమీ అనకుండా వెనక్కి వెళ్లిపోయింది.

నాలుగో రోజు పడమటి గాలి మొదలైంది. నిప్పులు చెరిగే గాలి. గోనెలు తడిపిన పదినిమిషాలకే ఆరిపోతున్నాయి. తిరపతమ్మ, ఇంకో ఆరుగురు ఆడవాళ్లు బావి నుంచి వరసగా బిందెలు అందించారు. మాలకొండయ్యకు పొద్దుటి నుంచి తల తిరుగుతోంది. నోట్లో నీళ్లూరుతున్నాయి. గోడ పక్కకు పోయి రెండుసార్లు వాంతి చేసుకుని, మొహం కడుక్కుని వచ్చాడు. ఎవరైనా చూస్తే బయటకు పంపేస్తారని భయం. గుండె ఒకసారి పరిగెడుతోంది, ఒకసారి ఆగి ఆలోచిస్తోంది.

ఐదో రోజు ఉదయం నాలుగో అటక దగ్గర చెయ్యి జారింది. కింద తడి గోనెల మీద పడ్డాడు. ఎముకలు విరగలేదు గాని మొహం కాగితంలా పాలిపోయింది.

సువార్త నాడి పట్టుకుని చూసి, "ఆపేద్దాం, బ్యాచ్ పోతే పోయింది. అంబులెన్సు పిలవండి" అని అరిచింది. 

"ఆపబాకమ్మా" అన్నాడు మాలకొండయ్య. మాట ముద్దముద్దగా వచ్చింది. "ఒక్క రోజు. ఇంకొక్క రోజే గదా."

తిరపతమ్మ ఆయన తల ఒళ్లో పెట్టుకుని ఉంది. తల నెమ్మదిగా నేల మీద దించి లేచింది. కొంగు మొలలో బిగించి దోపుకుంది, తెల్లకోటు వేసుకుంది, తొడుగులు తొడుక్కుంది. "ఆయన్ని తీసకపోండి. నేను చూసుకుంటా."

"మీకు తెలుసా అమ్మా?" అన్నాడు ధనుంజయ్.

"ముప్పై ఏళ్లు ఆ తలుపు బయట కర్రలకి ఆకు అల్లిందెవురు? లోపలికి రానియ్యలేదు గాని, ఆయన చెప్పే ప్రతి మాటా నా చెవిలో పడ్డదే." ఆమె నిచ్చెన ఎక్కింది. తొడుగు వల్ల చేతికి తెలియనిది ఆకును చెంపకు దగ్గరగా పట్టుకుని తెలుసుకుంది. ఎక్కడ ఎక్కువ వెచ్చగా ఉందో అక్కడి రంధ్రం తెరవమంది. ధనుంజయ్ మీటరు చూసి తలూపాడు. తర్వాత ఆమె అడగకముందే ఆ అంకెలు పైకి చదవసాగాడు. అలా ఇద్దరూ ఆ పగలూ, రాత్రీ, మరుసటి పగలు దాకా ఆకును నిలబెట్టారు.

ఆరో రోజు పిండిన రసంలో మందు ప్రయోగశాలలో వచ్చినదానికన్నా ఎక్కువే ఉంది. చల్లటి పెట్టెల్లో హైదరాబాదు వెళ్లింది.

ఆసుపత్రి మంచం మీద ఉన్న మాలకొండయ్యకు ఆ కబురు సువార్తే మోసుకొచ్చింది. చెప్పి, వెళ్లకుండా స్టూలు మీద కూర్చుండిపోయింది.

"మూడో రోజు మీ చేతులు చూశాను బాబాయ్. తొడుగుల్లేకుండా ఉన్నారని చూశాను. గీత బాగా పడిందని ఊరుకున్నాను." ఆమె పక్కటేబుల్ కేసి చూస్తూ మాట్లాడింది. "డాక్టర్లు చెప్పారు. గుండె దెబ్బతిందట. ఇక మీరు పచ్చాకు ముట్టుకోకూడదు. బ్యారన్‌లోకి అసలే పోకూడదు."

మాలకొండయ్య చాలాసేపు కప్పుకేసి చూశాడు. ముప్పై ఎనిమిదేళ్ల పని ఒక్క మాటతో ముగిసిపోయింది.  కాసేపటికి, "నేనూ మూడు బ్యాచ్‌లు నోరు మూసుకున్నా గదమ్మా" అన్నాడు. అది ఓదార్పో ఒప్పుకోలో సువార్తకు తెలియలేదు. ఆయన చెయ్యి తీసుకుని కళ్లకద్దుకుంది. ఆయన వెంటనే లాగేసుకున్నాడు, పెద్ద డాక్టరు అలా చేయకూడదని.

తర్వాత రెండేళ్లలో పాలేటిగట్టు రూపు మారింది. ఎనిమిది బ్యారన్ల తాళాలు ఊడాయి. పక్క మూడు ఊళ్లలోనూ సంఘాలు కలిశాయి. ధనుంజయ్ లెక్కలు కట్టి బ్యారన్‌ను మార్చే పద్ధతిని పుస్తకంలా రాశాడు. దాని మొదటి పేజీలో తనకన్నా ముందు మాలకొండయ్య, తిరపతమ్మ పేర్లు వేయించాడు. సువార్త రాసిన నిబంధన గుమ్మం మీద పెద్ద అక్షరాలతో ఉంటుంది: తొడుగు లేని చెయ్యి ఎవరిదైనా సరే, లోపలికి అడుగు పెట్టకూడదు. అది కూడా మాలకొండయ్య నుంచి నేర్చుకున్నదే. పిండగా మిగిలిన పిప్పిని ఒంగోలువాళ్లు ఇంకేదో చేయడానికి తీసుకెళ్తున్నారు. ట్రేల దగ్గరి ఆడవాళ్లు కొందరు ఇప్పుడు పట్టీలు చూసి గీత ఎంత ముదురో చెబుతారు, కాగితాల మీద సంతకాలు పెడతారు.

మాలకొండయ్య గుమ్మానికి పదడుగుల అవతల కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. కొత్తగా నేర్చుకునేవాళ్లు బయటికొచ్చి, ఆకు అంచు ఎలా ఉంది, ఈనె దగ్గర ఎలా ఉంది చెబుతారు. ఆయన కళ్లు మూసుకుని వింటాడు, ఏం చేయాలో చెబుతాడు. కొన్ని రోజులు ఆ పదడుగులు ఆయనకు చాలా దూరమనిపించేవి. అలాంటప్పుడు ఎవరితోనూ మాట్లాడకుండా ఇంటికి పోయేవాడు.

జంతువుల మీద పరీక్షలు అయ్యాయి. ఆరోగ్యవంతుల మీద అయ్యాయి. పాము కరిచినవాళ్ల మీద ప్రయోగానికి అనుమతి వచ్చింది. ఒక ఉదయం సువార్త కారులో వచ్చి, "బాబాయ్, పదండి" అంది. ఎక్కడికో చెప్పలేదు.

ఆసుపత్రి వార్డులో కిటికీ పక్క మంచం మీద నలభై ఏళ్ల మనిషి కూర్చుని ఇడ్లీ తింటున్నాడు. ఎడమకాలు ఇంకా వాచే ఉంది. పేరు ఓబులేసు, పొదిలి వైపు గొర్రెల కాపరి. రక్తపింజర కరిచి ఐదు రోజులైంది. డాక్టరూ ఓబులేసూ సరేనన్నాకే సువార్త మాలకొండయ్యను దగ్గరికి తీసుకెళ్లింది.

మాలకొండయ్యకు కోటేశ్వరి గుర్తొచ్చింది. "మూత్రం బాగా పడతందా?" అన్నాడు.

"నిన్నట్నించీ సాఫుగా పడతంది. ఇంటికి ఎప్పుడు పంపుతారో చెప్పరు. ఆడ నా గొర్రెల్ని ఎవురు చూస్తారు?" అని విసుక్కుని, ఓబులేసు ఆయన్ని పైకీ కిందికీ చూశాడు. "మీరెవురు? డాక్టరు లెక్క లేరే."

"నీకు ఎక్కించిన మందు చేసే ఊరోణ్ణి."

"మందు ఊళ్లో చేస్తారా? దేంతో?"

"పొగాకుతో."

ఓబులేసు చేతిలోని ఇడ్లీ ముక్క ఆగింది. "మా నాయిన పొగాకు నమిలి నమిలి దవడ పుండై సచ్చినాడు" అన్నాడు. "నేను తొమ్మిదేండ్లోణ్ణి. ఆ ఆకు పేరెత్తితేనే నాకు ఒళ్లు మండుద్ది."

మాలకొండయ్య తల దించుకున్నాడు. ఆరబెట్టి, బేళ్లు కట్టించి, లారీలు ఎక్కించిన ముప్పై ఎనిమిదేళ్ల ఆకు ఎక్కడెక్కడికి పోయిందో, ఎవరి నోళ్లలోకి పోయిందో ఆయన ఏనాడూ లెక్క చూసుకోలేదు. దవడ ఎటువైపో, ఊరేదో అడగాలనిపించింది. అడగలేకపోయాడు.

"నన్ను లేపి కూర్చోబెట్టింది ఆ ఆకేనా?" అన్నాడు ఓబులేసు.

"అదే ఆకు."

వార్డులో ఎవరో దగ్గుతున్నారు. సువార్త అడుగు ముందుకు వేయబోయి ఆగింది. ఓబులేసు తన వాచిన కాలు కేసి కాసేపు చూసుకున్నాడు. ఇడ్లీ పొట్లం కాగితం మడిచి కిటికీలో పెట్టాడు. రెండు చేతులతో ఆ కాలును మెల్లగా పక్కకు జరిపి, మంచం మీద ఒక మనిషికి చోటు చేశాడు.

"కూసో పెద్దాయనా" అన్నాడు. "ఎట్టా చేస్తారో చెప్పు."

మాలకొండయ్య కూర్చున్నాడు. అలవాటుగా రెండు అరచేతులూ ముందుకు చాచి, గాలిలో ట్రే పట్టుకున్నట్టు పట్టుకుని, చెప్పడం మొదలుపెట్టాడు.